కొడుకు పేరు చెప్పిన బొమ్మక్క

కోవిల్‌పట్టిలో, ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే మా వీధి చివర మూతపడిన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి ఉండేది. 1996 నుంచి ఆ షెడ్డులో రోజూ మధ్యాహ్నం ఇరవై రెండు మంది ముసలివాళ్లు వరసగా కూర్చుని అన్నం తినేవారు. వాళ్లకు వండేదీ వడ్డించేదీ బొమ్మక్క.

బొమ్మక్క ఎట్టయాపురం దగ్గర నల్లరేగడి పల్లెలో పుట్టింది. పెళ్లయి కోవిల్‌పట్టికి వచ్చిన వారానికే ఆ ఫ్యాక్టరీలో పనికి చేరి, ముప్పై ఎనిమిదేళ్లు చెక్క చట్రాల్లో అగ్గిపుల్లలు పేర్చింది. నేను అక్కడ హాజరు పట్టీ రాసే గుమాస్తాను. అందుకే వీధంతా నన్ను రైటరని పిలుస్తుంది. ఆమె చేతి వేగానికి గాలి పుట్టి పక్కనామె కొప్పు ఊడిపోయిందని నేను చాలాసార్లు చెప్పాను. కొప్పు ఊడిన మాట నిజం. కారణం సంగతి నేను హామీ ఇవ్వలేను.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమెతో పనిచేసినవాళ్లు ఒక్కొక్కరే వీధి అరుగుల మీద పగలంతా ఊరికే కూర్చోవడం ఆమె చూసింది. వెళ్ళైయమ్మాళ్ అనే ఎనభై ఏళ్ల ముసలామె ఒకరోజు పంపు దగ్గర బిందెతో సహా పడిపోయింది. బొమ్మక్క ఆమెకు గంజి తాగించి, మర్నాడు ఫ్యాక్టరీ యజమాని గడపలో కూర్చుంది. ఆ పెద్దాయన షెడ్డు తాళంచెవి ఇచ్చాడు, నెలనెలా బియ్యం బస్తాలు, పప్పు పంపాడు. ఏడేళ్లు నడిచింది. 2003లో ఆయన కాలం చేశాడు. తమిళ లెక్కలో ఆషాఢమైన ఆడి నెలాఖరు దాకా బియ్యం వస్తాయనీ ఆ తరువాత రావనీ కొడుకులు కబురు పెట్టారు. అప్పటికి ఆడి మాసం ఇంకా మొదలు కాలేదు.

"రైటరన్నా, నీకు ఇంగిలీసు వచ్చు గదా. యాడన్నా అడిగి చూడు" అంది బొమ్మక్క.

ఇంగ్లీషు నాకు కాన్వెంటులో కన్యాస్త్రీలు బెత్తంతో నేర్పారు. అందుకని గట్టిగానే నిలిచింది. విరుదునగర్‌లో మిరపకాయల వ్యాపారులు, నూనె వ్యాపారులు కలిసి పెట్టుకున్న ధర్మనిధి ఒకటి ఉందని, ముసలివాళ్లను చూసుకునే సంఘాలకు అది ఏడాదికి సరిపడా బియ్యం, పప్పు గ్రాంటుగా ఇస్తుందని తెలిసింది. మా వంటశాలను "పెద్దల సంఘం" అని రిజిస్టరు చేయించి, బొమ్మక్కను అధ్యక్షురాలిగా రాసి, అర్జీ పంపాను. షరతు ఒకటే. తినేవాళ్లు పోషించే దిక్కు లేనివాళ్లయి ఉండాలి. మా ఇరవై రెండు మందిలో నలుగురికి నిజంగానే ఎవరూ లేరు. మిగతా పద్దెనిమిది మందికి కొడుకులున్నారు, అదే వీధిలో, అదే గోడకు అవతల. ఉన్నారు గానీ వాళ్లకే పూట గడవదు. అర్జీలో ఆ సంగతి కూడా రాశాను.

విచారించి రమ్మని నిధివాళ్లు చెల్లసామి అనే రిటైరైన హెడ్‌మాస్టరును పంపారు. ఆయన వస్తున్న రోజు ముందుగానే తెలిసింది. నేను బొమ్మక్కకు చెప్పాను, కాస్త పేదగా కనిపించాలని.

"ఏమి, చీరలు చించుకొని కూర్చోమంటావా?" అంది ఆమె.

ఆ పొద్దున షెడ్డుకు వెళ్లి చూశాను. నేల అలికి ముగ్గు పెట్టారు. ముసలివాళ్లందరూ ఉతికిన బట్టల్లో ఉన్నారు. లేనివాళ్లకు ఇరుగుపొరుగు అరువిచ్చారు. తిరుపతిసామి భుజం మీద జరీ అంచు కండువా ఉంది. అగ్గిపుల్లల మందు కలిపే పనిలో వేళ్లు కాల్చుకున్న మనిషి ఆయన. ఆ కండువా మా ఎదురింటివాళ్ల పెళ్లిది. వెళ్ళైయమ్మాళ్ చెవులకు ఎవరివో బంగారు తమ్మెట్లు వేలాడుతున్నాయి. వచ్చినాయన కోసం పాయసం ఉడుకుతోంది. పరాయి మనిషి గడపలోకి వస్తే లేమి కనపడనీయకూడదన్నది మావాళ్ల పద్ధతి. ఆ వచ్చినాయన లేమిని చూడడానికే వస్తున్నాడని వాళ్లకు తోచనే లేదు.

చెల్లసామి గొడుగు మూసి, అట్టకు బిగించిన కాగితాలు ఒళ్లో పెట్టుకుని, వరస మొదట్లో కూర్చున్నాడు. ఆయన తమిళంలో అడిగాడు, మావాళ్లు తమిళంలోనే చెప్పారు.

"అవ్వా, నీకు కొడుకున్నాడా?"

"ఉండాడు సామీ, సింగం మాదిరి" అంది వెళ్ళైయమ్మాళ్.

"అన్నం పెడతాడా?"

"పెట్టకేమి? మూడు పూటలా పెడతాడు. నాకే అరగదు."

వరసంతా నవ్వింది. చెల్లసామి రాసుకున్నాడు. ఆయన కలం కదిలే చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది.

"మీరు చెప్పండి తాతా" అన్నాడు తిరుపతిసామితో.

"నా కొడుకు నన్ను కాలు కింద పెట్టనీడు" అన్నాడు తిరుపతిసామి. ఆయన అరికాళ్లు పగిలి బీటలు వారి ఉన్నాయి. వాటిని పంచె కిందికి లాక్కున్నాడు.

"మరి ఇక్కడికి ఎందుకు వస్తున్నారు?"

"పొద్దు పోవాల గదా సార్. ఈ బొమ్మక్క పిలుస్తుంది. రామంటే నొచ్చుకుంటుంది."

నేను వెనక నుంచి దగ్గాను. కళ్లతో సైగ చేశాను. ఎవరూ నావైపు చూడలేదు. ఒకరి కొడుకు పాలు తాగిస్తాడు, ఒకరి కొడుకు కాళ్లు పడతాడు, ఒకరి కోడలు అత్త తినకుండా మెతుకు ముట్టదు. పద్దెనిమిది మందీ అదే వరస. చివరికి చెల్లసామి బొమ్మక్క వైపు తిరిగాడు.

"మీ కొడుకు?"

"నా కొడుక్కేమి సార్" అంది ఆమె. "రాజా."

చెల్లసామి గిన్నెడు పాయసం తాగి, బాగుందని చెప్పి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

నేను ఆగలేకపోయాను. "బొమ్మక్కా, ఏం చేశారో తెలుసా? మీ నోటితో మీరే పొయ్యి ఆర్పుకున్నారు."

"నీకేమి, సులువుగా చెప్తావు" అంది ఆమె గిన్నెలు తోముతూ. "ముక్కూ ముకం తెలీని మనిసి ముందర కన్నకొడుకుని ఎట్ల దించేది?"

ఆడి మాసం సగమయ్యాక ఉత్తరం వచ్చింది. కొడుకులు బాగా చూసుకుంటున్నారని పద్దెనిమిది మంది స్వయంగా చెప్పారు, కనుక నలుగురికి మాత్రమే గ్రాంటు ఇవ్వగలం అని రాశారు. నలుగురి బియ్యంతో పొయ్యి వెలిగించడం దేనికి? ఆ నలుగురూ మాత్రం మిగతావాళ్ల ముందు కూర్చుని ఎలా తింటారు? ఉత్తరం కింద ఇంకో వాక్యం ఉంది. అభ్యంతరం ఉంటే వచ్చే శుక్రవారం ఉదయం పదకొండింటికి కమిటీ ముందుకు సభ్యులు ఒకరో ఇద్దరో వచ్చి చెప్పుకోవచ్చు.

బొమ్మక్క ఇల్లిల్లూ తిరిగింది. నేను వెంట ఉన్నాను.

"నా బిడ్డ నాకు కూడు పెట్టడని విరుదునగర్ దాకా పొయ్యి చాటాలా?" అంది వెళ్ళైయమ్మాళ్. "దానికన్నా పస్తుండి సస్తా, పో."

"నీ కొడుకు పెట్టడని కాదత్తా, పెట్టలేడని."

"రెండిటికీ వానికి వచ్చే పేరు ఒగటే" అంది ముసలామె, గోడవైపు తిరిగి పడుకుని.

ఒక్క తిరుపతిసామి ఒప్పుకున్నాడు. శుక్రవారం పొద్దున స్టేషనుకు వస్తానన్నాడు. ప్యాసింజరు వచ్చింది, ఆయన రాలేదు. గార్డు ఈల వేసేదాకా బొమ్మక్క ప్లాట్‌ఫారం మీదే నిలబడి గేటువైపు చూసింది. కదిలే పెట్టెలోకి నేను చెయ్యి పట్టి లాగాను.

రైలు సాత్తూరు దాటింది. అప్పుడు బొమ్మక్క అడిగింది.

"ఇప్పుడు ఎవరు చెప్పేది?"

"నేను. నువ్వు నోరు మెదపొద్దు."

"నీ కతలు నాకు తెలుసు రైటరన్నా. నువ్వు చెప్పేటప్పుడు బాగుంటాయి. ఇంటికి పొయ్యి ఆలోచిస్తే ఒగటీ నిలవదు."

"వాళ్లు ఇంటికి పోయేలోపల సంతకం అయిపోతుంది" అన్నాను. ధైర్యంగానే అన్నాను.

కమిటీ కూర్చునే గది ఒక మిరపకాయల గోదాం పైన ఉంది. మెట్లెక్కుతుంటేనే ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా పనికి అది అనుకూలమే అనుకున్నాను. లోపల ఐదుగురు వ్యాపారులు, పక్కన తన కాగితాలతో చెల్లసామి. మధ్యలో ఉన్న అధ్యక్షుడు నెరిసిన మీసాల పెద్దమనిషి. ఆయన గడియారం చూసి, "చెప్పండి" అన్నాడు.

నేను మొదలుపెట్టాను. ఆ రోజు భయంతో మావాళ్లు అబద్ధం చెప్పారన్నాను. కొడుకులు పక్కనే నిలబడి బెదిరించారన్నాను. అధ్యక్షుడు ముందుకు వంగాడు. నాకు ఊపు వచ్చింది. వెళ్ళైయమ్మాళ్‌ను కొడుకు మంచంతో సహా ఎత్తి వీధిలో పెట్టాడని, కుండపోత వానలో ఆ తల్లి మంచం మీద గొడుగు పట్టుకుని మూడు పగళ్లు కూర్చుందని చెప్పాను. ఒక వ్యాపారి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అది మిరపకాయల వల్ల కూడా కావచ్చు.

"ఏ నెలలో?" అని అడిగాడు చెల్లసామి.

"చిత్తిరైలో" అన్నాను, ఆలోచించకుండా.

"నడివేసవి చిత్తిరైలో మూడు రోజుల కుండపోత వాన. కోవిల్‌పట్టిలో." ఆయన గొంతు పెంచలేదు. కలం మూత మాత్రం తీశాడు.

అధ్యక్షుడు కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే, నెల మరిచిపోయారేమో. ఆ కొడుకు పేరు, ఇంటి నంబరు చెప్పండి. తల్లిని వీధిలో పడేసినవాణ్ణి ఊరికే వదలకూడదు. పోలీసులకు మేమే రాస్తాం."

పేరు చెబితే ఏ తప్పూ చేయనివాడి ఇంటికి పోలీసులు వెళతారు. చెప్పకపోతే అర్జీ మొత్తం అబద్ధమవుతుంది. చెల్లసామి నన్నే చూస్తున్నాడు. తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి మాస్టార్లు ఎలా చూస్తారో అలా.

బొమ్మక్క లేచి నిలబడింది.

"అది అబద్దం సార్" అంది తమిళంలో. "ఆ బిడ్డ అట్లా చెయ్యలేదు. మా వీధిలో ఏ కొడుకూ తల్లిని తోసేయలేదు. మీరు ఎవరికీ రాయొద్దు."

"అంటే కొడుకులు బాగానే చూసుకుంటున్నారన్నమాట."

"అదీ అబద్దమే."

"అమ్మా, రెండూ అబద్ధమైతే నిజం ఏది?"

ఆమె నా వైపు చూసింది. తరువాత నేలవైపు చూస్తూ మొదలుపెట్టింది. తమిళంలో రెండు మాటలు చెప్పి తెలుగులోకి జారిపోయింది. ఇంటి సంగతి ఆమెకు ఇంటి మాటలోనే వస్తుంది. వ్యాపారులకు అర్థం కాలేదు. అధ్యక్షుడు నన్ను తమిళంలో చెప్పమన్నాడు. నా జన్మలో మొదటిసారి ఒకరి మాటకు నా మాట ఒక్కటీ కలపకుండా చెప్పాను.

"నా ఇంట్లో ఆరుగురం. నా కొడుకు, కోడలు మునీశ్వరి, ముగ్గురు పిల్లోళ్లు, నేను. వాడు అగ్గిపెట్టెలు మూటలు మోస్తాడు. వారానికి మూడు దినాలు పని ఉంటే గొప్ప. రాత్రికి కుండలో నలుగురికి కూడుంటుంది. నేను వాకిట్లో కూర్చుంటా. వాడు లోపల నుంచి అడుగుతాడు, అమ్మా తింటివా అని. తింటిని నాయనా, షెడ్డులో కడుపు నిండా తింటిని అని నేనంటా. అంతే. వాడు రెండో తూరి అడగడు. అడిగితే నేను నిజం చెప్పాల్సొస్తుందని వానికి బయ్యం. నాకూ బయ్యమే. ఏడేండ్లుగా ఇట్లే. మా వీధిలో అందరూ ఒగ తూరే అడుగుతారు సార్. మీరు వచ్చి అడిగితే మేము ఏమని చెప్పేది?"

చెల్లసామి కలం మూత పెట్టేశాడు.

అధ్యక్షుడు మీసం సవరించుకున్నాడు. "అమ్మా, మీరు చెప్పింది నేను నమ్ముతాను. కానీ ఒకరి మాట మీద అందరికీ ఇవ్వలేం. ఫారాలు ఇస్తాం. ప్రతి కొడుకూ సంతకం చెయ్యాలి. ఆడి ఆఖరు రోజుకు మాకు చేరాలి. ఇంకో మాట, మీరూ ఆ షెడ్డులోనే తింటున్నారు. సంఘం నడిపేవాళ్ల పేరు తినేవాళ్ల జాబితాలో ఉండకూడదు. తినేవాళ్ల చేత పనీ చేయించకూడదు. అది మా నియమం."

"అయితే సంగం ఈ రైటరన్న పేరున రాయండి" అంది ఆమె. "నన్ను తినేవాళ్లలో రాయండి. మొదట నేనే రాయించుకోకపోతే మావాళ్లు ఎవరూ రాయించుకోరు."

గుమాస్తా ఫారం ముందుకు లాక్కుని అడిగాడు. "కొడుకు పేరు?"

ఇన్నేళ్లుగా వీధిలో తల ఎత్తి చెప్పుకున్న పేరు అది. ఆమె పెదవులు తడుపుకుంది.

"ఇసక్కిరాజా" అంది.

పంతొమ్మిది ఫారాలతో తిరిగి వచ్చాం. నేను ఇల్లిల్లూ పంచాను. వారం గడిచింది, ఒక్కటీ తిరిగి రాలేదు. బొమ్మక్క విరుదునగర్‌లో ఏం చెప్పిందో వీధికి తెలిసిపోయింది. పంపు దగ్గర ఆడవాళ్లు బొమ్మక్క వస్తే బిందె తీసుకుని వెళ్లిపోయేవారు. మునీశ్వరి అత్తతో మాట మానేసింది. వెళ్ళైయమ్మాళ్ షెడ్డుకు రావడమే మానేసింది. బస్తాలో బియ్యం నాలుగు రోజులకు సరిపడానే ఉన్నాయి, ఆడి మాసమూ నాలుగు రోజులే మిగిలింది. బొమ్మక్క ఎప్పటిలాగే వండింది. రోజూ వరసలో ఒకరిద్దరు తగ్గుతున్నారు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆ సాయంత్రం ఇసక్కిరాజా మా ఇంటికి వచ్చాడు. భుజం మీద మూటలు మోసిన గుర్తు ఎర్రగా ఉంది. ఫారం నాలుగు మడతలుగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇది ఇంగిలీసులో ఉండాది మామా. ఏమి రాసినారు?"

ఫారంలో రెండు గళ్లున్నాయి. తల్లిని పోషించడం ఇష్టం లేదు అన్నది ఒకటి, పోషించే శక్తి లేదు అన్నది రెండోది. ఏదో ఒకదానిలో గుర్తు పెట్టి కింద సంతకం చెయ్యాలి. నేను దాన్ని ఎలాగైనా చదవగలను. ఇది గవర్నమెంటు లెక్క, సంతకం చేస్తే చాలు అనవచ్చు. అతను నమ్ముతాడు కూడా. నా నాలుక చివరిదాకా వచ్చింది.

"కత వద్దు మామా" అన్నాడు అతను నా ముఖం చూసి. "ఉండేది ఉండేట్టు చదువు."

చదివాను. అతను రెండు గళ్లూ వేలితో చూపించమన్నాడు. చూపించాను.

"అమ్మే చెప్పిందా?"

"ఆమే చెప్పింది."

"నేను అడుగుతానని, ఆమె తింటినని చెప్తుందని, అంతా చెప్పిందా?"

"చెప్పింది రాజా."

అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లోపల మా ఆవిడ కాఫీ కలుపుతోంది. ఫారం చించుతాడని అనుకున్నాను. చేతులు చూస్తే అలాగే అనిపించింది.

"ఆమె అబద్దం చెప్తుందని మాకు తెలుసు" అన్నాడు చివరికి. "మునీశ్వరికీ తెలుసు. మాకు తెలుసని ఆమెకి తెలీదనుకుంటిమి, మామా. అదొగటే మాకు మిగిలిన మర్యాద."

నేను కలం ఇచ్చాను. రెండో గడిలో గుర్తు పెట్టాడు. సంతకం పెద్ద పెద్ద తమిళ అక్షరాల్లో, కాగితం చిరిగేంత గట్టిగా చేశాడు. తరువాత కలం తిరిగి ఇవ్వలేదు.

"మిగతావాళ్లు ఎవురెవురు?"

చెప్పాను. అతను లేచి, కాఫీ తాగకుండానే బయటికి వెళ్లాడు. నేను అరుగు మీద నిలబడి చూశాను. మొదట తిరుపతిసామి ఇంటి తలుపు కొట్టాడు. లోపల నుంచి అరుపులు వినపడ్డాయి. "నీ తల్లి బజారులో పెట్టింది చాలదని నువ్వు కూడా వస్తివా?" అని తిరుపతిసామి కొడుకు గొంతు. "పెట్టింది. నేను సంతకం పెట్టి వస్తిని. నువ్వూ పెట్టు" అని ఇసక్కిరాజా గొంతు. తలుపు మూసుకుంది. చాలాసేపటికి తెరుచుకుంది. అతను పక్క ఇంటికి వెళ్లాడు.

ఆడి ఆఖరు రోజు పొద్దున నేను విరుదునగర్ బస్సెక్కినప్పుడు నా సంచిలో పంతొమ్మిదికి పదహారు సంతకాలు ఉన్నాయి. ముగ్గురు చెయ్యలేదు. వారిలో వెళ్ళైయమ్మాళ్ కొడుకు ఒకడు. చెల్లసామి పదహారూ లెక్కపెట్టి, దిక్కులేని నలుగురిని కలిపి ఇరవై మందికి బియ్యం, పప్పు మంజూరు చేయించాడు. మిగిలిన ముగ్గురి మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఇరవై మంది బియ్యంలో ఇరవై మూడు మంది తినడం మా వీధిలో వింత కాదు. వెళ్ళైయమ్మాళ్ షెడ్డుకు మళ్లీ రాలేదు. రోజూ గిన్నెడు అన్నం ఆమె ఇంటికి వెళ్లేది. అది ఎక్కడిదని ఆమె అడిగేది కాదు.

ఆడి పోయి ఆవణి వచ్చిన మొదటి రోజు వంటకు ఎవరొస్తారో సంఘం అధ్యక్షుడినైన నాకే తెలియదు. పొద్దున నేను వెళ్లేసరికి, బొమ్మక్క తాళం తీసిన షెడ్డులో మునీశ్వరి పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. అత్త వైపు చూడలేదు. అత్త పలకరించలేదు.

మధ్యాహ్నం బొమ్మక్క వరస చివర కూర్చుంది. ముప్పై ఎనిమిదేళ్లు పుల్లలు పేర్చి, ఏడేళ్లు గరిటె పట్టిన చేతులను ఏం చెయ్యాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. మునీశ్వరి అన్నం పెట్టి, సాంబారు పోసి, అక్కడే ఆగిపోయింది. వరసంతా తినడం ఆపి చూస్తోంది. బొమ్మక్క చెయ్యి ఆకు మీదికి పోవడం లేదు.

పక్కన కూర్చున్న తిరుపతిసామి ఒక ముద్ద తిని ముఖం చిట్లించాడు.

"తిను బొమ్మక్కా. ఉప్పు తక్కువైంది. ఇంక ఇదే మన గతి, అలవాటు చేసుకోవాల."

"తక్కువైతే వేసుకొని తినేది గదా తాతా, నోరు ఎందుకు పారేసుకుంటావు?" అంది మునీశ్వరి. ఉప్పు గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టలేదు, అత్త ముందు పెట్టింది.

బొమ్మక్క ఉప్పు తీసుకోలేదు. అన్నం కలుపుకుని, తలవంచి, తినడం మొదలుపెట్టింది.